పద్నాలుగో వరస

గంటలో వస్తానని చెప్పి ఆ అమ్మాయి వెళ్లిపోయింది, కాగితం టైపు చేయించుకుని తెస్తుందట, అంతవరకు ఈ బల్ల మీద కూర్చుని చిత్రాన్ని ప్రశాంతంగా చూస్తూ ఉండండి తాతగారూ అంది, ప్రశాంతంగా అట, నలభై ఆరేళ్ల నుంచి లేని ప్రశాంతత ఈ బల్ల మీద కూర్చుంటే వస్తుందా, బల్లకు ఆనుకోవడానికి వెనక చెక్క కూడా లేదు, బొమ్మలు చూడటానికి వచ్చేవాళ్లకు నడుములు ఉండవనుకున్నారేమో. ఎదురుగా గోడ మీద అది. నా నిలువంత ఎత్తు, రెండు బారల వెడల్పు, నల్లగీత, తెల్లగీత, నల్లగీత, తెల్లగీత, కింద నుంచి పైదాకా. మధ్యలో ఆ గీతలు వంగుతాయి, ఉబ్బుతాయి, మనిషి మీదికి వస్తాయి. తల కొంచెం కదిపితే బొమ్మ కదులుతుంది. చూపు దించుకున్నాను, నేల రాయి చూసుకున్నాను, నేల బాగానే పరిచారు. కాగితంలో రెండు చోట్లు ఉంటాయని కింగా చెప్పింది, కింగా అంటే ఆ అమ్మాయే, పై చోట సంతకం పెడితే చిత్రం ఇలాగే మ్యూజియంకు ఉండిపోతుంది, కింది చోట పెడితే లోపలి గదిలోకి తీసుకెళ్లి మందులు రాసి, దూది పెట్టి, నెల రోజులు కూర్చుని ఈ గీతలన్నీ తుడిచేస్తారు. తుడిస్తే అడుగున పాత బొమ్మలో బ్రోనెక్ ఉంటాడు. నా తమ్ముడు. పందొమ్మిదేళ్లవాడు. వాడి రూపం ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఈ బొమ్మ వేసిన అంజెల్మ్ కిందటి శరత్కాలంలో పోతూ పోతూ వీలునామాలో రాశాడట, ఈ ఒక్క చిత్రం తాపీ మేస్త్రీ వాలెంటీకి చెందుతుంది, ఏం చేయాలో అతని ఇష్టం అని, వాలెంటీ అంటే నేనే. బతికుండగా ఇవ్వలేదు. చచ్చి ఇచ్చాడు. కింది చోటే పెడతానని పొద్దున ట్రామ్ ఎక్కినప్పుడే అనుకున్నాను. జేబులో మేకు ఉంది, వేళ్లతో తడుముతూనే ఉన్నాను, తుప్పు గోళ్లలోకి ఎక్కుతోంది.

బడిపిల్లలు వచ్చారు, ఇరవై మంది, పంతులమ్మ వెనక వరసలో, ఒకడు కళ్లు మూసి తెరిచి, ఒరే ఇది ఊపిరి పీలుస్తోందిరా అన్నాడు, ఇంకోడు తూలిపడుతున్నట్టు నటించాడు, పంతులమ్మ చిత్రం పక్కనున్న పలక చదివింది, కాలం మారి స్వేచ్ఛ వచ్చిన రోజుల్లో కళాకారుడు ఉన్నదున్నట్టు గీసే పద్ధతిని వదిలి, కంటిని మోసగించే కొత్త కళలోకి అడుగు పెట్టాడు, దీని పేరు వక్రరేఖలు ఒకటి. కంటిని మోసగించే కళ. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చదువుకున్నది మూడు తరగతులు, నాలుగో తరగతికి వెళ్లాల్సిన ఏడు నాన్న ఆవుల వెనక పంపాడు, ఆ తర్వాత యుద్ధం వచ్చింది, అయినా ఆ పలక నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను, రెండుసార్లూ అబద్ధమే. ఉన్నదున్నట్టు గీసినవాడెవడు? అంజెల్మా? పంతులమ్మ నా వంక చూసి, తాతగారూ మీకెలా అనిపిస్తోంది అని ముద్దుగా అడిగింది, పిల్లల ముందు ముసలివాడితో మాట్లాడించాలని సరదా. పాడైన గోడలా ఉంది అన్నాను. పిల్లలు కిలకిల నవ్వారు. నవ్వండి.

యుద్ధం అయిపోయిన ఆ రోజుల్లో వార్సా అంతా ఇటుకే. కాలిన ఇటుక, విరిగిన ఇటుక, పడమటి ఊళ్ల శిథిలాల నుంచి రైళ్ల నిండా వచ్చిన ఇటుక, పాత సున్నం గీకి మళ్లీ పేర్చేవాళ్లం, ఒక్కోదాని మీద ఎవరి వంటింటి మసో ఇంకా ఉండేది. మేం ముగ్గురం ఒక జట్టు. ఆ రోజుల్లో అలాగే కట్టించేవారు, ముగ్గురు ఒక్క మనిషిలా, కజిక్ ఇటుక అందించాలి, బ్రోనెక్ సున్నం, ఇసుక కలిపిన మాలు పరవాలి, నేను ఇటుక పెట్టి తట్టాలి, ఒకడు ఆగితే ముగ్గురూ ఆగినట్టే. బ్రోనెక్‌ది పుర్రచెయ్యి, అందుకే మా జోడీ కుదిరింది, వాడి ఎడమచెయ్యి నా కుడిచెయ్యి ఒకదానికొకటి తగలకుండా గోడ వెంబడి సాగిపోయేవి, పండగనాడు ఆడామగా నాట్యం చేసినట్టుందిరా అని కజిక్ వెక్కిరించేవాడు. బ్రోనెక్‌కు ముందు పన్ను ఒకటి లేదు, చిన్నప్పుడు గుర్రం తన్నింది, ఆ సందులోంచి ఈల వేసేవాడు, పరంజా కింద ఉన్న ఆడపిల్లలు తలెత్తి చూసేవాళ్లు. కడుపులో పుండు, మద్యం చుక్క ముట్టేవాడు కాదు, గడ్డకట్టే చలిలో కూడా సీసాలో మజ్జిగ తెచ్చుకునేవాడు, అందుకని పనిలో అందరూ వాడిని మజ్జిగ అనే పిలిచేవారు, ఏరా మజ్జిగా, నీ ఆవు ఈనిందా అని. ఈ మాట గుర్తుంచుకోవాలి. వాడు తాగడు. ఈ ఊళ్లో ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప.

అంజెల్మ్‌ను పైనుంచి పార్టీవాళ్లు పంపారు. బొమ్మలు వేసేవాళ్లు శ్రామికుల మధ్య బతకాలని ఉత్తరువు, మూడు వారాలు మా షెడ్డులో మాతోపాటే పడుకున్నాడు, రొట్టె మీద కొవ్వు రాసుకుని మాతోపాటే తిన్నాడు, చేతులు మాత్రం ఆడపిల్ల చేతులు. మొదటి రోజు బ్రోనెక్ వాడి ముందు నిలబడి నోరు బార్లా తెరిచాడు. ఇదిగో చిత్రకారుడా, ఇక్కడ ఒకటి లేదు, నీకు తెల్లరంగు మిగిలినట్టే. అంజెల్మ్ నవ్వలేదు. నువ్వు దేశానికి ఆదర్శానివి బ్రోనెక్, ఆదర్శానికి పళ్లన్నీ ఉంటాయి అన్నాడు. మరి కడుపులో పుండు? అదీ ఉండదు. అయితే ఆ బొమ్మనే మా అమ్మకు పంపు, పెళ్లిసంబంధాలు చూస్తుంది అన్నాడు మజ్జిగ, షెడ్డంతా నవ్వింది. అమ్మకు నిజంగానే కబురు వెళ్లింది, బ్రోనెక్ బొమ్మ వేస్తున్నారు, రాజధానిలో పెడతారు, తర్వాత మనకొక నకలు ఇస్తారు అని. అమ్మ ఊళ్లో కొలిమివాడి దగ్గర పెద్ద మేకు ఒకటి కొట్టించి, మరియమ్మ పటం పక్కన గోడకు దిగేసింది, ముందుగానే.

నలభై తొమ్మిది డిసెంబరులో మాస్కో పెద్దాయన పుట్టినరోజుకు రికార్డు కట్టాలన్నారు. మామూలుగా రోజుకు కట్టేదానికి ఆరు రెట్లు, ఒక్క షిఫ్టులో. బయట నీళ్లు పోస్తే నేల తాకేలోపు గడ్డ కడుతున్నాయి. మాలులో ఉప్పు పోశారు, వేణ్ణీళ్లు పోశారు, జెండాలు కట్టారు, బ్యాండు తెచ్చారు, బూర ఊదేవాడి పెదవి ఇత్తడికి అంటుకుని తోలు ఊడింది. మధ్యాహ్నం దాకా పదమూడు వరసలు లేచాయి, పదమూడూ కత్తితో గీసినట్టున్నాయి, ప్రతి వరసకూ మట్టం దారం లాగాను, నిలువు చూసే తూకం గుండు వదిలి చూశాను. అప్పుడు పార్టీ కార్యదర్శి చేతి గడియారం చూసి, కామ్రేడ్ వాలెంటీ, దారం దగ్గర నిమిషం పోతోంది, మీ చేతికి దారం దేనికి అన్నాడు, నవ్వుతూ. నాకు పొగడ్త అయింది. ఇరవై ఆరేళ్లు నాకు. పద్నాలుగో వరస నుంచి దారం లాగలేదు. మాలు పరుస్తుండగానే గట్టిపడుతోంది, ఆరి కాదు, గడ్డకట్టి, దాని మీదే ఇటుక, దాని మీదే మాలు, మొత్తం నలభై ఒక్క వరసలు. చప్పట్లు. అంజెల్మ్ కింద నిలబడి గీసుకుంటున్నాడు, వాడి ముక్కున మంచు.

గడ్డకట్టిన మాలు రాయిలా నిలబడుతుంది, ఎండ తగిలేదాకా. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ వచ్చింది, చూరుల నుంచి నీళ్లు కారాయి, మేం కోట్లు విప్పాం. పైన దూలాలింకా వేయలేదు, గోడ ఒంటరిగా నిలబడి ఉంది. అంజెల్మ్ చిత్రం పూర్తి చేసుకోవడానికి మళ్లీ వచ్చాడు, బ్రోనెక్‌ను గోడ కింద తాపీ పట్టుకుని నిలబడమన్నాడు, కుడిచేత్తో పట్టుకో, ఎడమచేత్తో అయితే చూసేవాళ్లకు తేడాగా ఉంటుంది అన్నాడు. మొదటి రోజు గుండు వదిలాను, దారం గోడను ముట్టలేదు, కింద వేలు పట్టేంత సందు. గాలికి ఊగుతోంది అనుకున్నాను. గాలి లేదు. రెండో రోజు వదిలాను, రెండు వేళ్లు. రికార్డు గోడ, పేపర్లో పడ్డ గోడ, అది వంగదు, గుండుదే తప్పు అనుకుని గుండు జేబులో వేసుకున్నాను. ఇది నేను చేశాను. పాదిరితో చెప్పుకోలేదు, భార్యతో చెప్పుకోలేదు. మూడో రోజు బ్రోనెక్ కుడిచేత్తో తాపీ పట్టుకుని నిలబడి, అన్నా, ఈ చేత్తో ముక్కు కూడా చీదలేను, వీడు నాతో గోడ కట్టిస్తున్నాడు అని అరిచాడు, పక్క పరంజా పై నుంచి నేను నవ్వాను, ఆ నవ్వు నా నోట్లో ఉండగానే గోడ మధ్యలో పగిలి ముందుకు జారింది, చప్పుడు తర్వాత వచ్చింది. పొట్ట పగిలినట్టు. ఎరుపు దుమ్ము. మజ్జిగ సీసా మాత్రం పగలలేదు, దూరంగా రాయి పక్కన పెట్టుకున్నాడు, సగం ఉంది.

విచారణ గదిలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, గాజు గ్లాసుల్లో టీ. ముగ్గురు కూర్చున్నారు. రికార్డు గోడ దానంతట అది పడదు కదా, అన్నాడు మధ్యవాడు, మృతుడు తాగి ఉండి పరంజా కర్రను గుద్దుకున్నాడని రాశాం, మీరిద్దరూ చూశారు, సంతకం పెట్టండి, లేకపోతే గోడ కట్టినవాడి మీద విద్రోహం కేసు రాయాల్సి వస్తుంది, అది మీరే కదా. కట్టినవాడు నేనే. నేను అంజెల్మ్ వంక చూశాను. వాడు బొమ్మలు వేసేవాడు, చదువుకున్నవాడు, వాడి సంచిలో మూడు రోజుల గీతల కాగితాలున్నాయి, వాడొక్కడు నోరు తెరిస్తే చాలు. వాడు గోళ్లు చూసుకున్నాడు. ముందు వాడు పెట్టాడు. తర్వాత నేను పెట్టాను, మూడు తరగతుల చేతిరాతతో, నిదానంగా, నాలుక బయటపెట్టి, బళ్లో పలక మీద రాసినట్టు. తాగి ఉన్నాడు. ఆ కాగితం ఊళ్లోకి నాకన్నా ముందే వెళ్లింది. పాదిరి మూడు మాటల్లో ప్రార్థన ముగించాడు. నీళ్లకు వెళ్తే అమ్మను చూసి ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. అమ్మ నన్ను అడిగింది ఒకే ఒక్కసారి, వాడు తాగాడా వాలెంటీ అని. పేపర్లో అలాగే ఉందమ్మా అన్నాను. ఏడేళ్లు బతికింది ఆ తర్వాత, ఖాళీ మేకు పక్కన మరియమ్మకు దీపం పెడుతూ, బొమ్మ వస్తుందా అని నన్ను అడక్కుండా. ఆమె పోయాక ఇల్లు అమ్మినప్పుడు మేకు పీక్కుని తెచ్చుకున్నాను.

ఎవరి మీద నీ కోపం అని నా భార్య అడిగేది, రొట్టె కత్తిని బల్ల మీద విసిరినప్పుడల్లా. నేను చెప్పలేదు. మాట్లాడటం మానేశాను, సగం ఊరు నన్ను మూగవాడనుకుంది. అంజెల్మ్ అయిదేళ్లు ఏమీ గీయలేదని, చేపల కొట్లకు బోర్డులు రాసుకున్నాడని విన్నాను, మంచిదే అనుకున్నాను. యాభై ఏడు వసంతంలో ఒక ఆదివారం తలుపు కొట్టాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి, చేతిలో టోపీ. కూర్చోమనలేదు. వాలెంటీ, ఒక్కటి చెప్పు, ఎన్నో వరస నుంచి మొదలైంది అన్నాడు. ఏది? నీకు తెలుసు ఏదో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా తమ్ముడి మొహం ఇవ్వరా, అమ్మ మేకు కొట్టుకుని కూర్చుంది, ముందు బొమ్మ ఇవ్వు అన్నాను. ఇవ్వలేను, అది వాడి మొహం కాదు అన్నాడు, ఎన్నో వరస? పద్నాలుగు, పో, పద్నాలుగు అని అరిచి తలుపు వేశాను, పై అరలోని పళ్లెం కిందపడింది. కొన్ని నెలలకు పేపర్లో వాడి చిత్రం పడింది, నల్లగీతలు, తెల్లగీతలు, పాత గుడ్డ మీదే వేశాడని రాశారు. పాత గుడ్డ. నా తమ్ముడి మీద గీతలు కొట్టాడు, లెక్క తప్పిన పిల్లాడు పలక మీద అడ్డంగా కొట్టేసినట్టు. అక్కడినుంచి ముప్పై ఎనిమిదేళ్లు గీతలే గీశాడు, పారిస్‌లో మెచ్చుకున్నారు, జపానులో మెచ్చుకున్నారు, ప్రతి మెప్పూ నా గొంతులో ఎముకలా దిగింది.

కింగా ఇందాక వెళ్తూ నా ఒళ్లో ఒక కవరు పెట్టింది, అడుగు బొమ్మకు ఏదో కొత్త వెలుతురులో తీసిన ఫొటో, చూడండి, మీకు గుర్తుపట్టడం తేలిక అంది. ఇంతసేపూ తెరవలేదు. తెరిచాను. ముగ్గురు మనుషులు బూడిదరంగులో, పొగలోంచి చూస్తున్నట్టు. ఒకడు నేనట, భుజాలు ఎద్దు భుజాలు. ఒకడు కజిక్. మధ్యలో వాడు. కుడిచేతిలో తాపీ. నవ్వుతున్నాడు. పళ్లన్నీ ఉన్నాయి. ఒకటి కూడా తక్కువ లేదు, తోమిన ఇత్తడిలా. బుగ్గలు నిండుగా, కళ్లు దూరంగా జెండా వైపు. ఎవడు వీడు? పళ్ల వరస మీద వేలు పెట్టి వెతికాను, సందు దొరుకుతుందేమోనని, దుకాణంలో దొంగ చిల్లర వెతికినట్టు. లేదు. ఈ నోటితో ఈల రాదు. వాడి వెనక గోడ, నిటారుగా, రూళ్లకర్రతో కొట్టినట్టు. దీని కోసమా నలభై ఆరేళ్లు నేను పళ్లు కొరుక్కున్నది, దీన్నా అమ్మ మేకుకు తగిలించేది, తగిలించి ఉంటే ఆమె ఒక్క క్షణం చూసి, వీడు మావాడు కాదు నాయనా అని ఉండేది. ఫొటో వెనక ఇంకో ఫొటో. అదే అడుగుబొమ్మ, ఇంకా అడుగున, పెన్సిలుతో వేసిన మొదటి గీతలట, వెనక కింగా రాసి పెట్టింది, గుండ్రని అక్షరాలు, కూడబలుక్కుని చదివాను, కళాకారుడు గోడ గీతలను మొదట వంకరగా గీసి, మూడుసార్లు చెరిపి, రూళ్లకర్రతో సరిచేశాడు. మూడుసార్లు. మూడు రోజులు. అంటే వాడికీ కనబడింది. వరసలు ఉబ్బడం వాడి కన్ను చూసింది, చెయ్యి గీసింది, వాడేమో తన కంటిదే తప్పనుకుని రూళ్లకర్ర పెట్టాడు, నేను గుండుదే తప్పనుకుని జేబులో వేసుకున్న గంటలోనే. దాని కింద బ్రోనెక్‌ను నిలబెట్టి.

లేచాను. చిత్రం దగ్గరికి వెళ్లి, పక్కగా నిలబడి, ఒక కన్ను మూసి, గోడను చూసే పద్ధతిలో చూశాను. కాపలావాడు, ముసలాయనా, నేల మీది గీత దాటొద్దు అన్నాడు. నోర్ముయ్ అన్నాను. కింద నుంచి లెక్కపెట్టాను. నల్లవే లెక్క, నల్లవి ఇటుక, తెల్లవి మాలు. ఒకటి. రెండు. అయిదు. తొమ్మిది. పదమూడు, కత్తితో గీసినట్టున్నాయి పదమూడూ. పద్నాలుగోది ఎడమ వైపు, మా గోడలో తలుపుకు ఖాళీ వదిలిన చోట, వెంట్రుకంత లేచింది. పదిహేనోది, వేలంత. ఇరవై, రెండు వేళ్లు. ఇరవై ఎనిమిది దగ్గర పొట్ట నిండుగా వచ్చింది, మూడో రోజు పొద్దున గోడ ఎలా ఉందో అలా, పగలడానికి ముందు. పైకి లెక్కపెట్టుకుంటూ పోయాను, మెడ నొప్పి పుట్టింది. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటే. ఈసారి అంజెల్మ్ రూళ్లకర్ర తీసి పారేశాడు. కన్ను చూసింది చూసినట్టు గీశాడు, నేను తలుపు సందులోంచి అరిచిన అంకె దగ్గర మొదలుపెట్టి. వాడు ఉన్నదున్నట్టు గీసింది దీన్నే, పంతులమ్మా, ఇందులో మోసం ఎక్కడుంది. నా కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఇంత తెలిసినవాడివి నోటితో చెప్పి ఉండొచ్చు కదరా. అమ్మ బతికే ఉంది అప్పటికి, రైలు టికెట్టు కొనుక్కుని వెళ్లి, తల్లీ, నీ కొడుకు తాగలేదు అని ఒక్క ముక్క చెప్పలేక, లోకమంతా తిరిగి ఎవరికీ అర్థం కాకుండా గీతలు చూపించావు. అని తిట్టుకుంటుంటే ఆ తిట్టు నా మీదికే తిరిగింది, ఎందుకంటే అమ్మకు ఆ ముక్క చెప్పాల్సినవాడు వాడొక్కడే కాదు, నాకు వేరే రైలు టికెట్టు కూడా అక్కర్లేదు, పండగలకు ఊరెళ్లినప్పుడల్లా నేను అదే వంటింట్లో కూర్చుని సూపు తాగేవాడిని.

కింగా బూట్ల చప్పుడు. కాగితం, అట్ట, పెన్ను. తాతగారూ, నిర్ణయించుకున్నారా అంది, గొంతు మెల్లగా ఉంది, పాపం దానికి ఇవి తుడిచేయమంటానని భయం. తుడవొద్దు అన్నాను. అది హమ్మయ్య అని పై చోటు చూపించింది. ఆగు, ఆ పలకలో ఏమని ఉంది? వక్రరేఖలు ఒకటి, కంటిని మోసగించే... అది తీసెయ్ అన్నాను. తాతగారూ, అది పెద్దవాళ్లు రాశారు, మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ అన్న మాట వినగానే ఆకుపచ్చ గుడ్డ కనిపించింది, టీ గ్లాసులు కనిపించాయి. అమ్మాయ్, కమిటీలు నాకు మీ అమ్మ పుట్టకముందే తెలుసు, పెన్ను ఇటివ్వు. కాగితం వెనక్కి తిప్పాను. నా రాత ఇప్పటికీ మూడో తరగతిదే, ఒక్కో అక్షరానికీ చెయ్యి ఆగుతుంది, కింగా నిలబడే చదువుతోంది. ఇది గోడ. బ్రోనెక్ దీని కింద చనిపోయాడు. పందొమ్మిదేళ్లు. తాగలేదు. పద్నాలుగో వరస నుంచి ఉబ్బింది. కట్టినవాడు చూశాడు. గీసినవాడు చూశాడు. ఇద్దరూ అబద్ధం సంతకం పెట్టారు. కింద నా పేరు మొత్తం రాశాను, ఇంటిపేరుతో.

కింగా ఆ మాట మీద వేలు పెట్టింది. ఇందులో కట్టినవాడంటే, అంది. నేనే. మీ పేరు ఉంచమంటారా, జనం చదువుతారు తాతగారూ, పిల్లలు చదువుతారు. చదవడానికే రాశాను. ఇది ఇక్కడ పెడితేనే పై చోట సంతకం, లేకపోతే ఈ సాయంత్రమే ఈ బొమ్మ గుడ్డను చుట్టగా చుట్టి ట్రామ్‌లో ఇంటికి తీసుకుపోతాను, నీ కమిటీకి అదే చెప్పు. అది నా మొహంలోకి చూసింది, ముసలివాడు ఊరికే అనడం లేదని తెలిసింది. సరే, కూర్చోబెడతాను వాళ్లను అంది, ఒప్పుకుంటే జిగురు పట్టీతో ఇక్కడ అంటిస్తాం, పక్కనే. జిగురా? జిగురు ఊడుతుంది అన్నాను. జేబులోంచి మేకు తీసి దాని అరచేతిలో పెట్టాను. చెయ్యంత వెచ్చగా, జానెడు పొడవు, కొలిమివాడి సుత్తి దెబ్బలు తల మీద ఇంకా కనబడుతున్నాయి. మ్యూజియం గోడకు ఇంత మేకు కొట్టకూడదు తాతగారూ అని మొదలుపెట్టబోయి ఆపేసింది. ఇది మా అమ్మది అన్నాను. దీనికే వేలాడదీయాలి, గట్టిగా కొట్టండి, సుత్తి పట్టడం మీవాళ్లకు చేతకాకపోతే చెప్పండి, నేను వచ్చి కొడతాను, ముందు గుండు వదిలి చూసి.